మూడు గింజల కిష్టమ్మ

పొద్దున్న ఏడు. డిసెంబరు మంచులో హైటెక్ సిటీ అద్దాల మేడలు నడుము దాకే కనిపిస్తున్నాయి. టిఫిన్ బండి తొమ్మిదికి గానీ రాదు. నా కడుపు మాత్రం ఆరింటికే డ్యూటీ ఎక్కింది.

అలాంటి ఒక మేడ తోటలో నేనూ, నార్సింగి కిష్టమ్మా కలుపు తీసేవాళ్లం. విరిస్తే పాలు కారే మొక్కలన్నీ నాకు ఒకటే. ఆమెకు కాదు.

"పాలు జూస్తే ఏం తెలుస్తది పుల్లన్నా? పువ్వు జూడు, కాయ ఇప్పు. ఆకుల సందుల ముద్దగ పూస్తే నానబాలు. గింజ ఎర్రగ, ఇసుకంత ఉంటది."

ఆ రోజే మా సూపర్‌వైజర్ సీతారామాంజనేయులు, వారంలో గెస్టులొస్తున్నారని నలభై క్రిస్మస్ పువ్వు కుండీలు గుమ్మం ముందు పేర్పించాడు. కిష్టమ్మ వంగి చూసింది.

"సారూ, గిది కలుపు."

"ఏంటమ్మా, ఎర్రగా కనబడట్లేదా?"

"ఎరుపు ఆకు మొదట్లనే ఉంది, బొట్టు పెట్టినట్టు. అసలుదైతే ఆకంత ఎరుపే. వారంల కాయ పేలుతది సూడు. మూడు గింజలు, నల్లగ, గరుకుగ."

"పేలకపోతే?"

"నన్ను పనికి రావద్దను."

పని పోతే ఇంకోటి దొరుకుతుంది. గడ్డిని గుర్తుపట్టలేదన్న పేరొస్తే మాత్రం కిష్టమ్మ తట్టుకోలేదు. ఆమె కోసం నా ఆకలి కూడా చచ్చిపోయింది, బండి వచ్చేదాకా.

వారమంతా కుండీ కుండీకి తిరిగి, నెలలు నిండిన కోడలిని చూసినట్టు చూసింది. ఏడో రోజు ఎండెక్కింది. సీతారామాంజనేయులు గెస్టులకు పూల గొప్ప చెబుతున్నాడు. టప్! గింజ వచ్చి ఆయన కళ్లద్దాలకు తగిలింది. ఇంకోటి ఒక గెస్టు చాయ్‌లో పడింది. కిష్టమ్మ ఇంకో కాయ విప్పి అరచేతిలో చూపించింది. మూడు. నల్లగా, గరుకుగా.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, గెస్టులను లోపలికి తీసుకెళ్లాడు. జనవరికి లాన్ నిండా మొలకలొచ్చాక అన్నాడు.

"రోజూ తడిమి తడిమి నువ్వే పేల్చావు కిష్టమ్మా. అసలు క్రిస్మస్ పువ్వే అవి, నీ చెయ్యి తగిలి పాడైపోయాయి. ఒక్కటి మిగలకుండా నువ్వే పీకు."

కిష్టమ్మ లాన్ వైపు చూసింది, నా వైపు చూసింది. కలుపు తీసే ఖుర్పీని ఆయన కుండీలో పిడిదాకా గుచ్చి, గేటు దాటి వెళ్లిపోయింది. 'వస్త' అని కూడా అనలేదు.