బర్రె కోసం పట్టిన రందా

పక్క ఫ్లాట్‌లో వడ్రంగి పని నడుస్తోంది. పొద్దున మిషన్ ఆగి, చెక్కను చిత్రిక పట్టే చేతి రందా చప్పుడు వినిపించేసరికి, బియ్యం కడుగుతున్న నా చేతులు ఆగిపోయాయి.

వడ్రంగి ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ చప్పుడు గుర్తుంటుంది కదా? నేరేడ్‌మెట్ దాటాక పొలాల మధ్య నాన్న ముందు పని కొట్టం వేశాడు. తర్వాత బర్రె కొట్టం. మాకు ఇల్లు అన్నిటికంటే చివర. చెక్కపొట్టే బర్రెకు పరుపు. నాన్న రందా పడుతుంటే వింటూ అది పాలు చేపేది.

సాఫ్ట్‌వేర్ వాళ్ల ఫ్లాట్లకు తలుపులు చేయడానికి నాన్న కరెంటు మిషన్ తెచ్చాడు. ఆ మోతకు బర్రె బెదిరి పాలు బిగబట్టింది. నాన్నేమో తలుపులు బిగించడానికి పొద్దున్నే ఫ్లాట్లకు వెళ్లిపోయేవాడు.

"నువ్వు రందా పట్టు బిడ్డా. పాలు పిండినంక బడికి పో," అంది అమ్మ.

"దానికి పాట కావాల్నా? ఆడ గంట కొడుతున్నరే!"

"లొల్లి జెయ్యకు. పాలు పోసే ఇండ్లకు ఏం జెప్పాలె?"

రోజూ ఆలస్యమే. తరగతి బయట నిలబడలేక, సిగ్గుతో ఐదో తరగతిలోనే బడి మానేశాను. రందా మాత్రం మానలేదు.

ఇవాళ నిలవలేక వంటింటికీ గుమ్మానికీ మధ్య నాలుగుసార్లు తిరిగాను. మెట్టుగూడకు కాపురానికొచ్చి రెండేళ్లయినా ఎవరి తలుపూ తట్టనిదాన్ని, చివరికి వెళ్లి వడ్రంగిని అడిగాను.

"అన్నా, జెర రందా ఇస్తవా?"

"చెయ్యి తెగుతది చెల్లె," అని నవ్వుతూ ఇచ్చాడు.

ఒక్క తోపుకే చెక్క పొర తెగకుండా చుట్ట చుట్టుకుని లేచింది. అతని నవ్వు ఆగింది.

"యాడ నేర్చినవ్?"

"మా బర్రె దగ్గర," అన్నాను.