తొట్టిలో నానిన దిమ్మలు: పాతబస్తీలో రెండు రోజులు

ఎండాకాలం చివర చల్లటి ఊళ్లు వెతుక్కుంటూ పోయేవాళ్లు పోతారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పే మాలాంటివాళ్లం మాత్రం ఒకరి కాలేజీకి ఒకరం పోతాం. ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టును వాళ్ల సారు ఒక్కరే చూసి మార్కులు వేస్తే చెల్లదు. బయటి కాలేజీ నుంచి ఇంకొకరు వచ్చి ప్రశ్నలడగాలి. అలా వచ్చినవాళ్లను ఎక్స్‌టర్నల్ అంటారు. ఎక్స్‌టర్నల్‌కు వెళ్లగానే చాయ్, మధ్యాహ్నం బిర్యానీ, మధ్యలో ఎంతో మర్యాద దొరుకుతాయి. బదులుగా పిల్లల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టకూడదన్నది ఎక్కడా రాయని ఒప్పందం. నేను నల్లగొండలో సివిల్ ఇంజనీరింగ్ చెబుతాను. జూన్ మొదటి వారంలో బండ్లగూడ వైపున్న ఒక కాలేజీకి రెండు రోజులు రమ్మని పిలుపు వస్తే సంతోషంగా బయల్దేరాను. మదన్నపేటలో మా పెద్దమ్మ కూతురు విజయక్క ఉంటుంది కాబట్టి లాడ్జి వెతుక్కునే పని కూడా లేదు.

పొద్దున ఆరు దాటాక ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు ఉచితం కనుక నిండా మేమే ఉన్నాం. మీరు వెళ్లదలిస్తే ఆధార్ కార్డు చేతిలో పట్టుకునే ఎక్కండి, లేకపోతే సంచి అడుగు దాకా తవ్వాల్సి వస్తుంది. కండక్టరమ్మ జీరో టికెట్ కొట్టి ఇచ్చి, నా మెడలోని కాలేజీ కార్డు చూసింది.

"ఇంజనీరింగ్ మేడమా? మా బిడ్డ గూడ ఇంజనీరింగే, రెండో సంవత్సరం. మీరు ఎటు పోతున్నరు?"

చెప్పాను.

"అయితే పాస్ చేస్తరా, ఫెయిల్ చేస్తరా?"

"చూడకముందే ఎట్ల చెప్తమ్మా?"

"గట్ల గాదు మేడం. మా బిడ్డను ఇయ్యాల ఏం నేర్సుకున్నవే అంటే, సిలబస్ అయిపోయింది మమ్మీ అంటది. అందుకే అడుగుతున్న" అంటూ ముందుకు వెళ్లిపోయింది. చౌటుప్పల్ దాకా ఆ మాటే తలుచుకుని నవ్వుకున్నాను.

తొమ్మిదింటికి ఇమ్లీబన్‌లో దిగాను. అక్కడే ఆటో ఎక్కకండి, బస్టాండు ముందు బేరం తెగదు. మూసీ దాటి నయాపూల్ దాకా నడిస్తే కాళ్లు కూడా సాగుతాయి. కోర్టు దగ్గర నల్లకోట్లవాళ్లు అప్పటికే చాయ్ గ్లాసులతో నిలబడి వాదించుకుంటున్నారు. నేనూ ఒక చాయ్ తాగి, రెండు ఉస్మానియా బిస్కెట్లు తిని ఆటో ఎక్కాను. చార్మినార్ పక్కనుంచి తిప్పి, శాలిబండ ఎక్కి, ఫలక్‌నుమా దిగేసరికి డ్రైవర్ మూడుసార్లు బండి ఆపి ముగ్గురు తెలిసినవాళ్లకు సలాం చెప్పాడు. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం, మీరు రాకుండ వాళ్లు పరీక్ష షురూ చెయ్యరు గదా" అన్నాడు. ఆ ధీమా నాకు నచ్చింది.

కాలేజీలో డిపార్ట్‌మెంటు పెద్ద రహీం సారు గుమ్మం దాకా వచ్చి తీసుకెళ్లారు. అరవైకి దగ్గరైన మనిషి, మెత్తటి మాట. ప్రాజెక్టులు చేయించిన గైడు నవీన్ అనే కుర్ర లెక్చరరు. అతను వినయంగా నిలబడి నాకు ఫ్యాను తిప్పిన తీరులోనే కంగారు తెలుస్తోంది.

వైవా మొదలైంది. సివిల్ ప్రాజెక్టుల సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. సిమెంటులో కొంత తీసేసి దాని బదులు ఇంకేదైనా పొడి కలిపి, దిమ్మలు పోసి, నీళ్ల తొట్టిలో నానబెట్టి, యంత్రంలో నొక్కి ఎంత బరువు మోస్తాయో చూడటం మా పిల్లలకు చాలా ఇష్టమైన ప్రాజెక్టు. ఆ దిమ్మలను క్యూబులంటారు. పొద్దున మూడు జట్లు వచ్చాయి. ఒకరు ఊక బూడిద కలిపారు, ఒకరు గాజు పొడి, ఒకరు కోడిగుడ్డు పెంకులు. ముగ్గురి గ్రాఫూ పది శాతం దగ్గర పైకి లేచి, తర్వాత కిందికి దిగింది. మా కాలేజీలో కూడా అంతే. ఏ జిల్లాలో, ఏ పొడి కలిపినా సిమెంటుకు సరిగ్గా పది శాతం దగ్గరే ఉత్సాహం వస్తుంది. ఆ గ్రాఫు సీనియర్ల నుంచి జూనియర్లకు హాస్టల్ పరుపులాగా చేతులు మారుతూ వస్తుందని అందరికీ తెలుసు, అడిగేవాళ్లు లేరు. ఆ పొద్దున నేనూ అడగలేదు. ఊక, గాజు కలిపితే నిజంగానే కొంత బలం రావచ్చు కూడా.

నాలుగో జట్టు వచ్చింది. సమీనా, శ్రీకాంత్. సమీనా వాళ్ల నాన్నకు నయాపూల్‌లో కోర్టు దగ్గర టైపింగ్ షాపు ఉంది. శ్రీకాంత్‌ది ధూల్‌పేట్, ఇంటిల్లిపాదీ వినాయకుడి బొమ్మలు చేస్తారు. రవాణాలో విరిగిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలను పారేయకుండా పొడి చేసి సిమెంటులో కలిపితే ఇటుకలకు పనికొస్తుందేమో చూడటం వాళ్ల ప్రాజెక్టు. చాలా రోజుల తర్వాత ఒక ఊరి వీధిలోంచి పుట్టిన ప్రాజెక్టును చూశాను, నిటారుగా కూర్చున్నాను. తెర మీద గ్రాఫు వచ్చింది. పది శాతం దగ్గర పైకి లేచి, కిందికి దిగింది.

ప్లాస్టర్ కూడానా! నాకు నిజంగా విసుగొచ్చింది.

"ఒక క్యూబు తీసుకరా పో, చూద్దాం" అన్నాను శ్రీకాంత్‌తో.

ఎవరూ కదల్లేదు. నవీన్ నేల చూశాడు. సమీనా శ్రీకాంత్ వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగింది.

"క్యూబులు లేవు మేడం. టూట్ గయే, విరిగిపోయినయ్. తొట్టిలకెల్లి తీస్తుంటే మూలలు చేతికే వచ్చినయ్. ఈ గ్రాఫు మాది కాదు."

రహీం సారు గొంతు సవరించుకుని చాయ్ తెమ్మన్నారు. పిల్లలను బయటికి పంపి మెల్లగా చెప్పారు. "మేడం, ఆ అమ్మాయికి నౌకరీ వచ్చింది. కట్టడాల సామాను టెస్ట్ చేసే ల్యాబుల. వచ్చే నెల చేరాలె. ప్రాజెక్టు పోతే సంవత్సరం పోతది, నౌకరీ పోతది. గ్రాఫు అట్లనే ఉండనీయండి, జర ఆలోచించండి."

నేను ఆలోచించాను. ఆ గ్రాఫుకు మార్కులు వేస్తే సమీనా నెల తిరిగేసరికి ఒక ల్యాబులో కూర్చుని ఎవరి ఇంటి దిమ్మలనో పరీక్షిస్తుంది. తనది కాని గ్రాఫుతో మొదలుపెట్టిన మనిషిగా. సున్నా వేస్తే నిజం చెప్పినందుకు ఇల్లు చేరి ఏడుస్తుంది. రెండూ నాకు ఇష్టం లేదు. పిల్లలను మళ్లీ పిలిచాను.

"రేపు పొద్దున పదింటికి రండి. మీకు నిజంగా ఏం వచ్చిందో అది చెప్పండి. ఎందుకు విరిగినయో చెప్పగలిగితే మార్కులు. చెప్పకపోతే నేనేం చెయ్యలేను."

సమీనా తల ఊపింది. శ్రీకాంత్ ఆ గంటసేపూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మధ్యాహ్నం బిర్యానీ వచ్చింది. బాగుంది గానీ మనసు పెట్టి తినలేదు. మిగిలిన జట్లు అయ్యాక చాంద్రాయణగుట్ట మీదుగా మదన్నపేట చేరేసరికి సాయంత్రమైంది. విజయక్క కూరగాయల మార్కెట్‌లో వంకాయలు ఏరుతూ కనిపించింది. సంచి నా చేతికిచ్చి, సంగతంతా విని, "నువ్వు పోయినకాడల్లా లొల్లి పెట్టుకుంటవేందే చెల్లె? పిల్లలను సతాయించకు" అంది. తర్వాత కూర కలుపుతూ, "అయినా విరిగిపోయినయని ఒప్పుకున్న పిల్ల మస్తు ధైర్యం గలదే" అని తనే అంది. ఆ వంకాయ కూర గురించి రాయాలంటే ఇంకో పేజీ కావాలి.

మర్నాడు తెల్లవారకముందే వాన. తొలకరి కాదు, కుండపోత. సైదాబాద్ రోడ్డు మీద నీళ్లు నిలిచి ఆటోలు దొరకలేదు. ఎలాగో తడిసి, పది దాటాక కాలేజీకి చేరాను. సమీనా గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. శ్రీకాంత్ లేడు. ఫోను ఎత్తడం లేదు.

"వస్తడు మేడం" అంది. కాసేపటికి మళ్లీ, "వస్తడు" అంది. నవీన్ కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతున్నాడు. రహీం సారు గడియారం చూడటం మానేసి నన్ను చూడటం మొదలుపెట్టారు. ముందురోజే ఆ గ్రాఫుకు మార్కులు వేసేసి ఉంటే ఈ పిల్ల ఇలా గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది కాదు కదా.

పదకొండు కావస్తుండగా శ్రీకాంత్ వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా తడిసి ఉన్నాడు. మోచేతుల దాకా అంటిన తెల్లటి ప్లాస్టర్ పొడి. చంకలో పాలిథీన్ కవరులో చుట్టిన ఏదో మూట.

"సారీ మేడం. వాన పడ్డది. బొమ్మలు బయటున్నయి. తాటిపత్రి పట్టాలు కప్పి వచ్చిన."

"ఎందుకు కప్పాలె?" అన్నాను. మామూలుగా అడిగిన ప్రశ్నే.

"తడిస్తే మెత్తవడ్తయి గదా మేడం. ప్లాస్టర్ నీళ్లల్ల పంచదార లెక్క కరగదు, గని మెత్తవడ్తది. చెవులు, వేళ్లు చేతికే ఊడొస్తయి. చిన్నప్పటిసంది వాన చినుకు పడితె మా ఇంట్ల అందరం ఉరుకుడే..."

మాట మధ్యలో ఆగిపోయాడు. సమీనా నోరు కొంచెం తెరుచుకుంది. ఏం జరిగిందో గదిలో అందరికీ ఒకేసారి తెలిసింది.

చినుకు పడితే పరుగెత్తి బొమ్మలు కప్పే పిల్లవాడు కాలేజీకి వచ్చి అదే ప్లాస్టర్ పొడితో దిమ్మలు పోసి, తన చేతులతోనే నీళ్ల తొట్టిలో దించి, నెలరోజులు నానబెట్టాడు. సిమెంటుకు నీళ్లు పట్టించాలని పుస్తకంలో ఉంది మరి. తొట్టి దగ్గర నవీన్ కూడా ఉన్నాడు, సమీనా కూడా ఉంది. ఎవరికీ తట్టలేదు.

"మరి తొట్టిల ఏసేటప్పుడు ఎందుకు చెప్పలేదు శ్రీకాంత్?"

"అది ఇంటి ముచ్చట మేడం. ఇది ల్యాబు" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ల్యాబుల వేరే ఉంటదనుకున్న."

ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇల్లు వేరు, ల్యాబు వేరు అని పిల్లలు అనుకునేలా చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

సమీనా తేరుకుంది. లేచి బోర్డు దగ్గరికి పోయి, మూలలు పోయిన దిమ్మలనే యంత్రంలో నొక్కినప్పుడు వచ్చిన అంకెలతో, సుద్దముక్కతో అసలు గ్రాఫు గీసింది. పొడి పెరిగేకొద్దీ గీత కిందికి దిగుతూనే పోయింది. ఎక్కడా లేవలేదు. శ్రీకాంత్ పక్కన నిలబడి, ఏది ముందు మెత్తబడిందో, పగుళ్లు ఎటు నుంచి వచ్చాయో తెలుగులో, ఉర్దూలో, నడుమ నడుమ ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. ముందురోజు నోరు విప్పని పిల్లవాడేనా అనిపించింది. చివరికి పాలిథీన్ కవరు విప్పాడు. లోపల ఒక దిమ్మ.

"ఒకటి ఎక్కువ పోసినం మేడం. తొట్టిల జాగ లేకుంటె ఇంటికి తీస్కపోయిన. బొమ్మ పీట కింద పెట్టినం. ఇది తడవలే."

అందరం ల్యాబుకు నడిచాం. నవీన్ తనే దాన్ని యంత్రంలో పెట్టాడు. మామూలు సిమెంటు దిమ్మ మోసే దాంట్లో సగం కూడా మోయలేదు. కానీ పగిలే దాకా మూలలు ఊడకుండా నిలబడింది. ఒక్క దిమ్మతో ఏదీ రుజువు కాదు, ఆ సంగతి కూడా రాయమన్నాను. బయటి గోడలకు పనికిరాదు, తడి తగలని చోట ఇంకా పరీక్షించి చూడాలి. వాళ్ల ప్రాజెక్టు తేల్చింది అంతే, అంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువ వద్దన్నాను. ఇద్దరినీ పాస్ చేశాను, మంచి మార్కులతోనే. సమీనా దుపట్టాతో మొహం తుడుచుకుని, "థాంక్యూ మేడం" అనబోయి శ్రీకాంత్ వీపు మీద ఒక్కటి చరిచింది. "ఇంతకుముందు చెప్పొద్దా రే!"

వచ్చేటప్పుడు నవీన్ గేటు దాకా నడిచాడు. "మా గైడు గూడ నాకు పది శాతమే చెప్పిండు మేడం. నేనూ అదే చెప్తున్న" అన్నాడు. కోపంగా కాదు, కొత్తగా ఏదో చూసినవాడిలా అన్నాడు. విరిగిన క్యూబు ముక్కలు పారేశారా అని అడిగాను. ల్యాబు వెనక కుప్పలో ఉన్నాయన్నాడు. వచ్చే ఏడు పిల్లలకు కనబడేలా తొట్టి పక్కన పెట్టమన్నాను. పెడతానన్నాడు.

మూడింటికి ఇమ్లీబన్ చేరాను. నల్లగొండ బస్సులో నిన్నటి కండక్టరమ్మే. జీరో టికెట్ కొడుతూ గుర్తుపట్టింది.

"ఏమైంది మేడం? పాసా, ఫెయిలా?"

"పిల్లలు పాసమ్మా. వాళ్లు పోసిన సిమెంటు దిమ్మలే ఫెయిలయినయ్."

"దిమ్మలదేముంది మేడం, మల్ల పోసుకుంటరు" అని టికెట్ చేతిలో పెట్టింది.

హయత్‌నగర్ దాటాక వెనక్కి తిరిగి చూస్తే నగరం మీద మళ్లీ మబ్బు కమ్ముకుని ఉంది. రెండు రోజుల్లో చార్మినార్ నీడలో ఒక్క నిమిషం కూడా నిలబడలేదు, గాజులు కొనలేదు. అయినా ఇంత నిండుగా ఏ యాత్ర నుంచీ తిరిగి రాలేదు. చినుకులు మొదలై అందరం కిటికీలు దించుకున్నాం. ధూల్‌పేట్‌లో ఈపాటికి శ్రీకాంత్ తాటిపత్రి పట్టుకుని పరుగెడుతూ ఉంటాడు. ఎందుకు కప్పుతున్నావని ఎవరైనా అడిగితే, ఇంట్లో అడిగినా ల్యాబులో అడిగినా, ఇక ఒకటే జవాబు చెబుతాడు.