బాపు నన్ను టాంకీ మీద కూర్చోబెట్టే ముందు

మధ్యాహ్నం మా ఆయన మోటార్ సైకిల్ బాగుచేయించుకొని వచ్చినప్పుడు, హ్యాండిల్ దగ్గర పెట్టిన కొత్త గ్రీజు వాసనతోపాటే బెల్లంపల్లిలో మా బాపు దుకాణం, దాని రేకుల మీద పేరుకున్న బొగ్గు దుమ్ము, చలికాలం పొద్దున అవ్వ కుంపటి మీద గిన్నెకు ఒత్తి కాల్చే సర్వపిండి అన్నీ మా వాకిట్లోకి వచ్చాయి.

బాపు మోటార్ సైకిళ్లు బాగుచేసేవాడు. గనుల రోడ్ల గుంతలకు ప్రతి బండికీ హ్యాండిల్ వదులయ్యేది. ఇంజన్ కింద దుంగ పెట్టి, ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, ఫోర్కు గొట్టాలను పట్టి ఉంచే క్లాంపుల బోల్టులు వదులు చేసి, నడుమ ఉన్న పెద్ద నట్టును కొంచెం కొంచెంగా బిగిస్తూ, హ్యాండిల్ తన బరువుకు తానే అటూ ఇటూ మెల్లగా వాలుతుందో లేదో చూసుకొని, అప్పుడు క్లాంపులను మళ్లీ బిగించేవాడు. అంతసేపూ నేను గడప మీద గచ్చకాయలు ఆడుకుంటూ కాచుకొని ఉండేదాన్ని. నన్ను పెట్రోలు టాంకీ మీద కూర్చోబెట్టుకొని ఒక చుట్టు తిరిగి వచ్చాకే బాపు ఏ బండినైనా అప్పగించేవాడు.

"మన పోరిని సంపుతవా ఏందయ్యా? నీ పని మీద నీకే నమ్మకం లేదా?" అని అవ్వ లోపలినుంచి అరిచేది.

"చేతుల మీద ఉన్నదే. మతి మీదనే లేదు" అనేవాడు బాపు.

ఒకరోజు, బండి బాగుకిచ్చిన డాక్టరుగారు నిలబడే తొందరపెట్టారు. "ఉస్తాద్, గియ్యాల పోరిని తిప్పుడు వద్దు. అడవి దిక్కు ఒకామె నొప్పులు పడుతున్నది, జల్ది పోవాలె."

"జర ఆగుండ్రి సాబ్. నా బిడ్డ ఎక్కలే."

చంకల కింద చేతులు వేసి నన్ను లేపాడు. నా కాళ్లు టాంకీకి తగలకముందే ఆ చేతులు గాలిలో ఆగిపోయాయి. నన్ను దించి, వంగి, కింది క్లాంపు బోల్టును వేలితో తిప్పాడు. అది తిరిగింది. తొందరలో పెద్ద నట్టు బిగించి, క్లాంపులు మరిచిపోయాడు. బాపు వాటిని బిగించేదాకా డాక్టరుగారు బల్ల మీద కూర్చున్నారు. మర్నాడు వచ్చి, "ఆడపిల్ల, ఉస్తాద్. ఇద్దరు మంచిగున్నరు" అని నా చేతిలో రెండు జామకాయలు పెట్టారు.

ఇప్పుడు బాపు లేడు, దుకాణమూ లేదు. మూడేళ్ల మా వాడు బండి చూసి చేతులు చాచాడు. నేను ముందు కింది క్లాంపు బోల్టులను వేలితో తిప్పి చూశాను. కదల్లేదు.

"మెకానిక్ అన్ని సూసిండు. నీకన్ని ఫికర్లే" అని మా ఆయన నవ్వారు.

చూసే ఉంటాడు. తన బిడ్డను ఎక్కించి మాత్రం చూసి ఉండడు. మా వాడిని నేనే లేపాను. నా చేతులు గాలిలో ఒక్క క్షణం ఆగాయి. మరిచిపోయినదేదీ గుర్తుకు రాలేదు. అప్పుడు కూర్చోబెట్టాను.