తపస్సు మాను ఎక్కిన మనిషి

దయ్యమనీ గాలి సోకిందనీ ఎవరైనా చెబితే శ్రద్ధగా వింటాను గానీ, ఒక్కటీ నమ్మినవాణ్ణి కాదు. తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షనులో కూర్చుని బతికినవాణ్ణి. గదిలో ఏదో తిరుగుతోందని, వేరే గది ఇమ్మని పరుపు సహా దిగివచ్చిన వాళ్లను చూశాను. పోయి చూస్తే ఎలకో, సరిగా పడని కిటికీ గడియో. కాబట్టి మీరు నన్ను నమ్మి తీరాలని పట్టుబట్టను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది పాకాల. నాయనకు బెల్లం అంగడి ఉండేది. డిగ్రీ అయ్యాక నాకు నటుణ్ణి కావాలనే పిచ్చి పట్టుకుంది. హైదరాబాదు పోదామంటే అక్కడ తెలిసినవాళ్లు లేరు. తిరుపతిలో నాటక సమాజాలున్నాయి, కేబుల్ టీవీ వాళ్లు కూడా అప్పుడప్పుడే సొంతంగా ఏవేవో తీస్తున్నారు. ముందు అక్కడ కాస్త చేయి తిరిగితే తరువాత సంగతి తరువాత అనుకున్నాను. ఇది తొంభైల చివరి మాట.

నాయన వద్దనలేదు, సరేననీ అనలేదు. "కొత్త బెల్లం వచ్చేదాకా సూస్తా. అప్పటికీ ఏం లేదంటే వచ్చి అంగట్లో కూసో" అన్నాడు. ఆయన మాటంటే మాటే. గడువు దాటితే తనే బస్సెక్కి వచ్చి నా పెట్టె సర్దుతాడని నాకు బాగా తెలుసు.

బైరాగిపట్టెడలో మేడ మీద ఒక గది దొరికింది. పగలు లాడ్జిలో పని, సాయంత్రం ఒక స్కూలు గదిలో నాటకం రిహార్సలు. తిరుపతికి కొత్తవాళ్లు కొత్త కాదు గానీ, వచ్చినవాడు రెండు రోజుల్లో వెళ్లిపోతాడనే లెక్కలో ఉంటుంది ఆ ఊరు. నెలల తరబడి ఆటోవాళ్లు నన్ను చూసి "దర్శనం అయిందా సామీ" అనేవాళ్లు. మెస్సులో ఇవాళ పక్కన కూర్చున్న మనిషి రేపు కనిపించడు. పాకాలలో వీధి చివరికి పోయి వచ్చేలోపు నలుగురైనా పలకరిస్తారు. ఇక్కడ సెలవు రోజున నోరు తెరిచే పనే ఉండేది కాదు. అందుకని తలుపు వేసుకుని పద్యాలు పాడుకునేవాణ్ణి. ఇంటావిడ మొదట్లో నాకేదో దిగులు పట్టిందనుకుంది. ఆమె అనుకున్నదీ తప్పేం కాదు.

వేషాలు దొరికేవి. భటుడు, లేదంటే భటుడి పక్కన భటుడు. ఒకసారి చీరల అంగడి ప్రకటనలో కేబుల్ టీవీలో కూడా కనిపించాను. కనిపించింది నా వీపు. పాకాల పోయినప్పుడు నాయనకు ఆ మాట చెబితే "మొగం ఎప్పుడు సూపిస్తారంట?" అన్నాడు. నేనూ నవ్వాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాత్రం ఏడుపొచ్చింది.

ఆ ఎండాకాలంలో వాద్యారు నన్ను పిలిచాడు. పల్లెల్లో భారతం ఆడే ఒక జట్టుకు గురువాయన. మా చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఎండాకాలం భారతం జరుపుతారు. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు మాత్రం పట్టపగలు, ఊరి బయట మైదానంలో. తాటిచెట్టంత ఎత్తు మాను నాటి, దానికి మెట్లు కొట్టి, కొసన చిన్న మంచె కడతారు. అర్జునుడి వేషం కట్టినవాడు కంకణం కట్టించుకుని, మెట్టు మెట్టుకూ పద్యం పాడుతూ పైదాకా ఎక్కాలి. ఎక్కి విభూతి, నిమ్మపళ్లు విసరాలి. బిడ్డలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ సాగిలపడి వాటికోసం కాచుకుని ఉంటారు. చేతికి కంకణం లేనివాడు ఆ మానును తాకకూడదు. అది కట్టుబాటు.

ఏటా ఎక్కే ఆయనకు మోకాలు పట్టేసిందట. "ఇది నిలబెట్టినావంటే జట్టులో నీకు చోటుండాదప్పా. ఏడాది పొడుగునా ఊర్లు తిరగొచ్చు" అన్నాడు వాద్యారు. అంతకంటే నాకేం కావాలి? వచ్చి చూడమని నాయనకు కబురు పెట్టాను.

చిక్కల్లా ఏమిటంటే, నాకు ఎత్తంటే భయం. లాడ్జి బోర్డుకు ట్యూబులైటు మార్చమంటే నిచ్చెన సగం ఎక్కి కాళ్లు వణికి దిగివచ్చినవాణ్ణి. ఆ మాట వాద్యారుకు చెప్పాను. "కిందికి సూడాకు. పద్యం పట్టుకో, అదే ఎక్కిస్తాది" అన్నాడు. పద్యంతోనూ చిక్కే ఉంది. చివరి మెట్ల దగ్గర శివుణ్ణి పిలిచే పద్యం పైస్థాయిలో ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు సాధన చేసినా నా గొంతు నడుమలో విరిగేది.

ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. కంకణం కట్టారు. కావిపంచె, రుద్రాక్షలు, పెట్టుడు జడలు, ఒళ్లంతా విభూతి. మానుకు మొక్కి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మొదటి పద్యం ఎత్తుకున్నాను. నాకు తెలిసి నేను ఎక్కింది అంతే.

ఆ తరువాత నేను జనం మధ్య నిలబడి ఉన్నాను. పక్కన ఐసు బండి ఉంది. ముందున్న ఆవిడ చంకలోని బిడ్డ నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. ఆ చొక్కా వేషం కట్టకముందు విప్పి పెట్టెలో పెట్టినది. నా చేతులకు విభూతి లేదు. అందరూ పైకి చూస్తుంటే నేనూ చూశాను. అర్జునుడు సగం దాటి ఎక్కుతున్నాడు. అదే కావిపంచె, అవే జడలు. మొహం అటువైపు ఉంది.

భయపడ్డావా అని అడుగుతారు. లేదు. ఎంత హాయిగా ఎక్కుతున్నాడో అని కుళ్లుకున్నాను, అది బాగా గుర్తుంది. పద్యాలన్నీ నేనూ నోట్లోనే అనుకుంటున్నాను. శివుడి పద్యం వచ్చింది. గొంతు విరగలేదు. ఐసు బండివాడు గంట కొట్టడం ఆపేశాడు. నిమ్మపళ్లు పడుతుంటే నా ముందున్న ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆపైన నాకు తెలిసింది, నేను మాను మొదట్లో కూర్చుని ఉండటం. ఒంటి మీద వేషం ఉంది. అరచేతులు గీరుకుపోయి మండుతున్నాయి. వాద్యారు నన్ను కావలించుకుని "ఇన్నేండ్లలో ఇట్లా ఎవురూ పాడలేదప్పా" అంటున్నాడు. జనం నా కాళ్లకు మొక్కుతున్నారు.

వేషం తీసేసి, చొక్కా తొడుక్కుని బయటికి వచ్చాక నాయన కనిపించాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను కాసేపు చూసి, "నువ్వు తిరప్తిలోనే ఉండు. అంగడి నేను సూసుకుంటా" అన్నాడు. పాట గురించి ఒక్క మాట అనలేదు. టీ కూడా తాగకుండా బస్సెక్కేశాడు. పొగిడే అలవాటు లేని మనిషి కదా అని సరిపెట్టుకున్నాను.

ఈ సంగతంతా నేను చెప్పింది ఒక్కరికే, తిరుపతిలో తెలిసిన ఒక డాక్టరుకు. భయం హద్దు దాటినప్పుడు మనసు పక్కకు తప్పుకుంటుందని, ఒళ్లు తన పని తాను చేసుకుపోతుందని, జనంలో నిలబడినట్టు అనిపించింది తరువాత అల్లుకున్నదేనని ఆయన అన్నాడు. అరచేతులు గీరుకుపోయాయంటే ఎక్కింది నేనేగా. నాకు ఆ జవాబు చాలింది. ఏళ్ల తరబడి దాన్నే నమ్మాను.

జట్టులో కుదురుకున్నాను. ఊరూ అలవాటైంది. ఆటోవాళ్లు దర్శనం గురించి అడగడం మానేశారు, మెస్సులో ఆలస్యమైతే నా కోసం పెరుగు తీసిపెట్టేవాళ్లు. ఏటా మాను ఎక్కాను. ప్రతిసారీ వణుకుతూనే ఎక్కాను, ప్రతి మెట్టూ గుర్తుంది. బాగానే పాడతానని పేరు. శివుడి పద్యం మాత్రం మళ్లీ అలా రాలేదు.

కొన్నేళ్ల తరువాత నాయనకు జబ్బు చేస్తే తిరుపతిలోనే ఆసుపత్రిలో చేర్పించాను. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని ఏవో పాత కబుర్లు చెప్పుకుంటున్నాం. ఆ ఊరి భారతం మాట వచ్చింది.

"ఆ పొద్దు నిన్ను సూసి నా కడుపు తరుక్కుపోయిందిరా. నీ ఏషం ఇంగొకడికి ఇచ్చేసినారే అని" అన్నాడు నాయన.

ఎవరికిచ్చారు అని అడిగాను.

"నాకేం ఎరిక? పైన ఎవుడో ఎక్కతా ఉండాడు. నువ్వు ఐసు బండి కాడ నిలబడుకోని ఉండావు. నేను నీ ఎనకాలనే ఉండా, నువ్వు సూడలే. వాడు పాడతా ఉంటే నువ్వు కండ్లనీళ్లు కారస్తా నోట్లోనే పాడతా ఉండావు. ఏషం పోయినా పద్యం ఇడ్సలేదే వీడు, వీణ్ణి ఎత్తకపోయి బెల్లం తూకమేయిస్తే నాకు పాపం తగలతాదనుకున్నా. అందుకే ఉండమంటి."

ఎక్కింది నేనే నాయనా అన్నాను.

"జనానికి అట్లనే సెప్పుకో. నేనేం అననులే" అని నవ్వి, అటు తిరిగి పడుకున్నాడు.

ఐసు బండి సంగతి డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ డాక్టరు నాయనను ఎన్నడూ చూడలేదు. మళ్లీ అడుగుదామనుకున్నాను గానీ ధైర్యం చాలలేదు. ఆ తరువాత నాయన ఎక్కువ కాలం లేడు.

వాద్యారును అడిగాను, ఆ ఊరివాళ్లనూ అడిగాను. నువ్వే ఎక్కావంటారు. కంకణం లేనివాణ్ణి మాను తాకనిస్తామా అని ఎదురడుగుతారు. వాళ్లకు అబద్ధం చెప్పాల్సిన పని లేదు, నాయనకూ లేదు. ఎక్కినవాడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నాయన ఈ ఊళ్లో ఉండమన్నది మాత్రం కింద నిలబడి ఉన్నవాణ్ణి. వాడు నేనే అయితే చాలు.