దగ్గు కాదు, ఘాటు

ఎంబీబీఎస్ మూడో ఏడాదిలో ఉండగా నాకు రోగులతో మాట్లాడాలంటే భయం. పుస్తకం ముందు ఎంతసేపైనా కూర్చునేదాన్ని. వార్డులో మంచం పక్కన నిలబడి "ఏమైందండీ?" అని అడగాలంటే మాత్రం గొంతు పెగిలేది కాదు. మాది చీరాల దగ్గర నేత ఇల్లు. మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాళ్ళందరూ గట్టిగానే మాట్లాడతారు. నేనెందుకో అలా తయారుకాలేదు. అందుకే కమ్యూనిటీ మెడిసిన్ మేడం ఒకరోజు క్లాసులో "చిన్న పరిశోధన ఎవరైనా చేస్తారా?" అని అడగ్గానే చెయ్యెత్తాను. పరిశోధనంటే ఫారాలు, పట్టికలు, గ్రాఫులు కదా, మనుషులతో పని తక్కువుంటుందనుకున్నాను.

విషయం నా రూమ్మేట్ ఇచ్చింది. మిర్చి సీజన్లో గుంటూరులో ఆటో ఎక్కితే లోడు లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా అందరం తుమ్ముతాం. ఆ రోజు తను చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఒక్క నిమిషానికే మనకింత గోలగా ఉంటే, పొద్దస్తమానం అందులో కూర్చునేవాళ్ళ సంగతేంటే?" అంది. సాయంత్రం అదే మేడం గారికి రాసిచ్చాను. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళ ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడటం నా పని. కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి రావడానికి రెండు నెలలు పట్టింది.

ఊరి చివర రేకుల షెడ్డు అది. మధ్యలో ఎర్రగా కుప్పలు, చుట్టూ కూర్చుని నలభై మంది దాకా ఆడవాళ్ళు. చేతులు ఆగవు, మాటలూ ఆగవు. లోపలికి అడుగు పెట్టగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ నవ్వారు.

"ఏం డాక్టరమ్మా, అప్పుడే ఏడుస్తన్నావు?" అని అడిగిన ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి. ఆ షెడ్డులో అందరికీ ఆవిడే పెద్దమ్మ. నేనూ అలాగే పిలిచాను.

ఆదివారాలూ, క్లాసులు లేని పొద్దుటి పూటలూ వెళ్ళి ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టి ప్రశ్నలు చదివేదాన్ని. వాళ్ళ పని చూసే మేస్త్రి పక్కనే కుర్చీ వేసుకుని చూస్తూ ఉండేవాడు. ఇంగ్లీషు ఫారాన్ని నేనే తెలుగు చేశాను. "మీకు తరచుగా దగ్గు కలదా?" "శ్వాస తీసుకొనుటలో ఇబ్బంది కలదా?" లేదు. లేదు. లేదు. నలభై ఫారాల దాకా నిండాయి. పని సాఫీగా సాగుతున్నందుకు నాకు సంతోషంగా కూడా ఉంది.

చివరగా పెద్దమ్మ వంతు. దగ్గు కలదా అని అడిగాను. "లేదమ్మా" అని చెప్పబోయి ఆవిడ దగ్గింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముందుకు వంగి, చాలాసేపు దగ్గింది. నేను పెన్ను పట్టుకుని ఓపిగ్గా ఆగాను. ఆవిడ తేరుకుని మళ్ళీ "లేదు" అంది. నేను "లేదు" దగ్గర టిక్కు పెట్టాను.

పెట్టాక ఆ టిక్కు వంక చూసుకున్నాను.

"పెద్దమ్మా, ఇప్పుడు దగ్గావు కదా?"

"ఇది దగ్గేంటమ్మా? ఘాటు. దగ్గంటే జలుబు చేసి వచ్చేది."

"ఇంటికెళ్ళాక కూడా వస్తుందా?"

"వచ్చిద్ది. రెండు రోజులు పనిలోకి రాకపోతే తగ్గిద్ది. మళ్ళీ వస్తే మళ్ళీ మామూలే." మేస్త్రి ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్ళాడో లేదో చూసి, గొంతు తగ్గించింది. "అయినా దగ్గుందని రాయించుకుంటే టీబీ అనుకుంటారు. రేపట్నుంచి రావద్దంటే ఏం చెయ్యాలి?"

హాస్టల్‌కొచ్చి ఫారాలన్నీ మంచం మీద పరిచాను. ఒక్కటీ పనికిరాదు. రూమ్మేట్ తల దువ్వుకుంటూ, "వాళ్ళు లేదన్నారు, నువ్వు లేదని రాశావు. నీ తప్పేముంది? పరీక్షలు నెత్తిమీదున్నాయి, ఇచ్చెయ్యవే" అంది. తను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయినా వాటిని ఇవ్వబుద్ధి కాలేదు.

మర్నాడు మేడం గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ ఒక్కో ఫారమూ తిరగేసి, "ఈ 'కలదా' అనే మాట మీ ఇంట్లో ఎవరైనా వాడతారా?" అని అడిగారు.

"లేదు మేడం."

"మరి వాళ్ళనెందుకు అలా అడిగావు?"

నేను ఫారాలన్నీ పోగుచేసి తీసుకోబోయాను.

"వీటిని పారెయ్యకు, దాచు. రిపోర్టులో ఈ సంగతి కూడా రాయాలి. కొత్త ఫారం తయారుచెయ్యి. ఈసారి లైబ్రరీలో కూర్చుని కాదు, అక్కడే కూర్చుని రాసుకో. మారిన ప్రశ్నలకు కమిటీ మళ్ళీ ఒప్పుకోవాలి, ఆ సంగతి నేను చూస్తాను. మేస్త్రి మాత్రం పక్కన ఉండకూడదు."

షెడ్డు యజమానితో మేడం స్వయంగా మాట్లాడారు. ఆ తర్వాత మూడు ఆదివారాలు నేను ఫారం లేకుండా వెళ్ళి కుప్ప పక్కన కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం బాగోదని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. వాళ్ళు పది తీసేలోపు నేను ఒకటి తీసేదాన్ని. గంటకల్లా వేళ్ళు భగభగమన్నాయి.

"ఆ చెయ్యి కళ్ళల్లో పెట్టుకోమాకు" అని పెద్దమ్మ నా చేతులు లాక్కుని కొబ్బరినూనె రాసింది.

ప్రశ్నలు వాళ్ళే తయారుచేశారంటే అతిశయోక్తి కాదు. "ఆయాసం ఉందా?" అని అడుగుదామంటే, "ఆయాసం ముసలోళ్ళకి గదా వచ్చేది" అని పాతికేళ్ళ అమ్మాయి కొట్టిపారేసింది. ఇంకొకామె, "బిందె చంకనేసుకుని నడిచేటప్పుడు పక్కనోళ్ళతో సమానంగా నడుస్తావా, మధ్యలో ఆగుతావా? అట్టా అడుగు, చెప్పిద్ది" అంది. "పని మానిన రోజు గొంతు తేలిగ్గా ఉండిద్దా?" అన్నది పెద్దమ్మ ఇచ్చిన ప్రశ్న. ఒక్కో మాట మీదా గట్టిగట్టిగా వాదించుకునేవాళ్ళు. వాళ్ళ గొంతులకు సరిపడా నేనూ గొంతు పెంచాల్సి వచ్చింది. నేను అరుస్తున్నానని నాకే కాసేపటికి గానీ తెలియలేదు.

కమిటీ ఒప్పుకున్నాక కొత్త ఫారంతో అడిగితే జవాబులు మారిపోయాయి. అప్పుడు మొదలైంది ఊదే పరీక్ష. పీక్ ఫ్లో మీటరంటే చిన్న ప్లాస్టిక్ గొట్టం. గట్టిగా ఊదితే ముల్లు ముందుకు జరిగి, ఊపిరి ఎంత వేగంగా బయటికొస్తోందో చూపిస్తుంది. వాళ్ళు దానికి పీక అని పేరు పెట్టి, తిరనాళ్ళలో పిల్లల్లా పోటీలు పడి ఊదారు. పెద్దమ్మ ఊదినప్పుడు ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది. మూడుసార్లూ అంతే. ఆవిడతో పాటు అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆసుపత్రికి రమ్మంటే, "నాకేం జబ్బు లేదు" అంది. రెండు వారాలు అడిగాను. చివరికి, "నా కోసం ఒక్కసారి రా పెద్దమ్మా, నేను చదివింది సరిగ్గా ఉందో లేదో తెలియాలి" అన్నాను. అది పనిచేసింది. సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, తోడుగా ఇద్దరిని వెంటేసుకుని ఊపిరితిత్తుల ఓపీకి వచ్చింది.

ఎక్స్‌రేలో, కళ్ళె పరీక్షలో టీబీ ఏమీ లేదని తేలింది. ఉబ్బసం లాంటిదే, పనివల్ల ముదిరింది, మందుతో అదుపులో ఉంటుంది అని డాక్టరు గారు చెప్పారు. ఇన్హేలర్ పీల్పించి, పావుగంట ఆగి మళ్ళీ ఊదమన్నారు. ముల్లు ముందటికంటే బాగా పైకి వెళ్ళింది.

పెద్దమ్మ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది వేరే పీకా?"

"అదే పెద్దమ్మా."

"నిజంగా?" అని, ఎవరూ అడగకుండానే ఇంకోసారి ఊదింది. తర్వాత నిండుగా గాలి పీల్చి, వదిలి, తోడొచ్చినవాళ్ళ వంక చూసి, "మీరు కూడా దగ్గుందని రాయించుకోండే" అంది. ఆ వారంలో ఇంకో ఐదుగురు వచ్చారు.

మా రిపోర్టు చదివాక షెడ్డు యజమాని వెనకవైపు గోడ కొంత తీయించి గ్రిల్లు పెట్టించాడు. గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు రెండు వచ్చాయి. తొడిమలు తీయడంతో పాటు పెద్దమ్మ జల్లెడ కూడా పట్టేది, అందులో దుమ్ము ఎక్కువ కాబట్టి దాన్ని మానేసి కాయ ఏరే వైపుకి మారింది. ఎవరినీ పనిలోంచి తీసెయ్యలేదు. ఆ మాట మేడం ముందుగానే యజమాని దగ్గర తీసుకున్నారట, నాకు తర్వాత తెలిసింది.

నేను కమ్యూనిటీ మెడిసిన్‌లోనే పీజీ చేశాను. ఇప్పుడు ఒంగోలులో పనిచేస్తున్నాను. మొన్న మా విద్యార్థులిద్దరితో కనిగిరి వైపు ఒక పల్లెకు వెళ్ళాం, మోకాళ్ళ నొప్పులు, తాగే నీళ్ళ గురించి తెలుసుకుందామని. వాళ్ళలో ఒకమ్మాయి ఎవరితోనూ మాట్లాడలేక వెనకవెనకే నిలబడింది. కాసేపటికి ఒక తాత అరుగు మీద జరిగి చోటిచ్చి, "కూర్చోమ్మా, ఎవరి తాలూకు నువ్వు?" అని ఆ అమ్మాయినే ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు. మేం బయల్దేరేసరికి ఎండ బాగా వాలింది. ఆ అమ్మాయి ఇంకా అరుగు మీదే ఉంది, ఆయన చెప్పేదేదో నోట్‌బుక్కులో గబగబా రాసుకుంటోంది.