పన్నెండో మంగళవారం

సూదమ్మకు అసలు పేరు లేకపోలేదు. అది హాజరు పట్టీలో ఉంది. కోపం వచ్చినప్పుడు భర్త కూడా వాడుతుంటాడు. మిగతా లోకానికి ఆమె సూదమ్మే. ఇరవై ఆరేళ్ళుగా కాళ్ళకు బలపాలు కట్టుకుని ఇంటింటికీ తిరిగి, జనం చేతుల్లోంచి నెత్తురు తీసి గొట్టాల్లో పట్టుకొచ్చే మనిషిని ఇంకేమని పిలుస్తారు? చెయ్యి మాత్రం తేలిక. సూది గుచ్చి తీశాక కూడా పిల్లలు ఇంకా కళ్ళు మూసుకుని, ఎప్పుడు గుచ్చుతావని అడిగేవారట. ఈ సంగతి ఆమే చెప్పుకుంటుంది కాబట్టి సగం కోసేసి నమ్మినా తప్పులేదు.

ఆ ఏడాది ఆమె పనిచేసే పరిశోధనాలయంలో పెద్ద డాక్టరమ్మ ఒక కొత్త పని తలపెట్టింది. ఆమె రోగుల్ని చూసే డాక్టరు కాదు, మనుషుల తిండిని చదివే డాక్టరు. ఏం తిన్నారని అడిగితే జనం నిజం చెప్పరన్నది ఆమె ముప్పై ఏళ్ళ అనుభవం. పొట్టు తీయని గింజలు ఒంటికి మంచివని అందరికీ తెలుసు, తింటున్నామని అందరూ రాసిస్తారు, కొట్లో మాత్రం తెల్ల రొట్టెలే ముందు అయిపోతాయి. నోటిని నమ్మలేం కాబట్టి నెత్తుర్ని అడుగుదామంది. గోధుమ గింజ పైపొట్టులో జిడ్డులాంటి పదార్థం ఒకటి ఉంటుంది. తెల్లపిండిలో అది దాదాపు ఉండదు. పొట్టుతో సహా తిన్నవాళ్ళ నెత్తుట్లోకి అది చేరి, ఒకటి రెండు రోజులు ఆనవాలుగా నిలుస్తుంది. తినడం మానేస్తే పోతుంది. ఆ ఆనవాలును కొలిచి, ఎవరు తిన్నారో ఎవరు ఊరికే తిన్నామని రాశారో తేల్చడమే పని.

అరవై మంది ఒప్పుకున్నారు. పన్నెండు వారాలు, ప్రతి మంగళవారం ఇంటికి రొట్టెల పొట్లం. సగం మందికి పొట్టు రొట్టె, సగం మందికి తెల్ల రొట్టె. తిన్నరోజు తిన్నట్టు ఒక చిన్న పుస్తకంలో టిక్కు పెట్టాలి. మొదటి వారం, ఆరో వారం, పన్నెండో వారం నెత్తురు ఇవ్వాలి. సూదమ్మ వంతుకు పదిహేను ఇళ్ళు పడ్డాయి. పద్నాలుగు ఇళ్ళు నేలమీద ఉన్నాయి. పదిహేనోది, పరీక్ష పట్టీలో నలభై ఒకటో నంబరు, మూడో అంతస్తులో ఉంది. యాభై నాలుగు మెట్లు. సూదమ్మ మోకాలు వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టేది.

ఆ గదిలో ఉండేది ఒక దర్జీ ముసలామె. మిషను కుట్టడం మానేసి ఆరేళ్ళయినా మెడలో కొలతల టేపు తీయలేదు, తీస్తే మెడకు చలేస్తుందనేది. కూతురు అదే ఊళ్ళో, రెండు బస్సులు మారితే వచ్చేంత దూరంలో, బడిలో లెక్కలు చెబుతుంది. మొదటిరోజు సూదమ్మ సూది తీస్తే ముసలామె దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "యాభై ఏళ్ళు నేనూ సూదితో పొడిచాను అమ్మాయ్, ఒక్క గుడ్డా ఏడవలేదు. చూద్దాం నీ పనితనం," అంది. గుచ్చించుకున్నాక, పరవాలేదు, నా దగ్గరైతే గుండీలు కుట్టే పనికి పెట్టుకునేదాన్ని అని తేల్చింది.

రెండో మంగళవారం నుంచి కిటికీ దగ్గర బల్లమీద ఒక పళ్ళెం ఉండేది, దానిమీద మూతగా ఇంకో పళ్ళెం. మూత తీస్తే రెండు పొట్టు రొట్టె ముక్కలు, పైన వెన్న. సూదమ్మ తెచ్చిచ్చిన రొట్టే సూదమ్మకు పెట్టేది. ఇవి మీరు తినాల్సినవి పెద్దమ్మా, నేను తినకూడదు అని సూదమ్మ ఎంత చెప్పినా, నీ మోకాలు యాభై నాలుగు మెట్లు ఎక్కిందా లేదా అని అడ్డు తగిలేది. తిన్నాక వెళ్ళేటప్పుడు సగం పొట్లం సంచిలో కుక్కేది. నాకు ఇంత అరగదు అమ్మాయ్, మిగతా సగం తింటున్నాగా అనేది. టిక్కుల పుస్తకం చూస్తే ఏడు రోజులకూ ఏడు టిక్కులు, ఒకే పెన్సిలు, ఒకే ఒత్తిడి, ఒకేసారి కూర్చుని పెట్టినట్టు. సూదమ్మ అది గమనించింది. గమనించి ఊరుకుంది. ఎందుకంటే తన రిజిస్టరూ అలాంటిదే. తేదీ, వేళ, సంతకం, అన్నీ సోమవారం సాయంత్రమే నింపేసుకునేది. గొట్టాల మీద చీటీలు కూడా ముందే అంటించేది. తెల్లారితే తిరగడానికే పొద్దు చాలదు, ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి రాసుకుంటూ కూర్చుంటే ఎలా? ఇరవై ఆరేళ్ళలో ఆ అలవాటు ఒక్కసారీ ఆమెకు అడ్డం తిరగలేదు.

ఒకరోజు ముసలామె తనే చెప్పింది. ఈ పరీక్షకు రొట్టె కోసం ఒప్పుకోలేదట. వారానికొకసారి ఎవరో ఒకరు వస్తారని కాగితంలో రాసుందట, అందుకు ఒప్పుకుందట. సూదమ్మ నవ్వేసి మిగిలిన ముక్క నోట్లో పెట్టుకుంది.

పన్నెండో మంగళవారం వాన. మోకాలు బూరెలా వాచింది. పద్నాలుగు ఇళ్ళూ ముగించి ఆ వీధి మొదట్లో నిలబడి, సూదమ్మ మూడో అంతస్తు కిటికీ వైపు తలెత్తి చూసింది. వాన కళ్ళల్లో పడింది. నలభై ఒకటి ఎక్కడికి పోతుంది, గురువారం వద్దాంలే అనుకుని బస్సెక్కింది.

గురువారం వెళ్తే తలుపుకు తాళం. కింద ఇస్త్రీ చేసే మనిషి చెప్పాడు: ముసలామె పోయింది, నిన్న మధ్యాహ్నం కూతురొచ్చి చూసింది, ప్రాణం ఎప్పుడు పోయిందో తెలీదు, గుండె ఆగిందన్నారు. సూదమ్మ సంచిలో నలభై ఒకటో నంబరు గొట్టం ఉంది, దానిమీద మంగళవారం తేదీ. రిజిస్టరులో మంగళవారం పది గంటల ఇరవై నిమిషాలకు తన సంతకం.

వెళ్ళలేదని రాయాలంటే సంతకం ఎలా వచ్చిందో చెప్పాలి. ఇరవై ఆరేళ్ళ సంతకాలన్నీ ఒక్కొక్కటే లేచి నిలబడతాయి. సూదమ్మ పరిశోధనాలయానికి తిరిగొచ్చి, నెత్తురు తీసే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రబ్బరు పట్టీ ఒక కొసను పళ్ళతో పట్టి ఎడమ చేతికి కట్టుకుంది. అందరి చేతుల్లో తేలికగా దిగే సూది తన చేతిలో రెండుసార్లు తప్పింది. గొట్టం నిండింది. నలభై ఒకటో నంబరు, గొట్టాలు దాచే గడ్డకట్టే చలిపెట్టెలో, మిగతా వాటి పక్కన, తన గూట్లోకి చేరింది.

ఎవరికీ అనుమానం రాలేదు. అదే ఆమెను తినేసింది. పెట్టె తలుపు తీసినప్పుడల్లా తెల్లటి చలి మొహానికి కొట్టేది, కళ్ళు వద్దన్నా ఆ గూటి వైపే పోయేవి. తన ఒంటి నెత్తురు చచ్చిపోయిన మనిషి నంబరు తగిలించుకుని అక్కడ పడుకుని ఉంది. మంగళవారం వచ్చిందంటే పది గంటల ఇరవై నిమిషాలకు సూది గుచ్చిన చోట సలిపేది. ఇంట్లో భర్త రొట్టె కోసి ముందు పెడితే పళ్ళెం పక్కకు జరిపేసేది. ఒకసారి వీధిలో ఎవరింట్లోనో కుట్టుమిషను చప్పుడు విని, దారి మార్చి చుట్టుతిరిగి వెళ్ళింది. తేలుకుట్టిన దొంగకు అరిచే వీలైనా ఉండదు. భర్త అడిగితే మోకాలు అని చెప్పేది. అన్నిటికీ మోకాలే.

నెల తిరిగాక ముసలామె కూతురు, లెక్కల టీచరు, టిక్కుల పుస్తకం ఇచ్చేద్దామని పరిశోధనాలయానికి వచ్చింది. రిజిస్టరు చూసి ఎవరో సూదమ్మ దగ్గరికి పంపారు. నలభై ఏళ్ళ మనిషి, వేళ్ళకు సుద్దపొడి. తల్లి కళ్ళే. ఎదురుగా కూర్చుని టిక్కుల పుస్తకం బల్లమీద పెట్టింది.

"మంగళవారం మీరు వెళ్ళారటగా. అమ్మను చివరగా చూసింది మీరే. ఎలా ఉంది?"

సూదమ్మ నోరు తనంతట తనే తెరుచుకుంది. "బాగానే ఉన్నారమ్మా. నవ్వుతూ మాట్లాడారు."

"బల్లమీద రొట్టె మూతపెట్టి అలాగే ఉంది. మీరు తినలేదా?"

"తొందరలో ఉన్నాను."

"ఆ వారం నేను ఫోను కూడా చెయ్యలేదండీ. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. మీరైనా వెళ్ళారు. అది చాలు నాకు," అని టీచరు ఆమె చెయ్యి పట్టుకుంది. సరిగ్గా సూది దిగిన చోటే. సూదమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది.

ఆ మూతపెట్టిన పళ్ళెం ఆ రోజు నుంచి ఆమెను వదల్లేదు. మంగళవారం పొద్దున ముసలామె బతికే ఉంది. రొట్టె కోసింది, వెన్న రాసింది, మూతపెట్టింది, కిటికీ దగ్గర కూర్చుంది. కిటికీలోంచి వీధి మొదలు కనిపిస్తుంది. గొడుగు లేకుండా నిలబడి, తలెత్తి చూసి, వెనక్కి తిరిగిపోయిన మనిషి కూడా కనిపించి ఉండవచ్చు.

మరో నాలుగు నెలలకు ఫలితాలు వచ్చాయి. డాక్టరమ్మ అందర్నీ కూర్చోబెట్టి తెరమీద చుక్కలు చూపించింది. ఒక్కో మనిషికి మూడు చుక్కలు. తెల్ల రొట్టె తిన్నవాళ్ళవి అడుగున, పొట్టు రొట్టె తిన్నవాళ్ళవి పైన. తిన్నామని రాసి తినని ముగ్గురు మహానుభావులు కూడా దొరికిపోయారు. పరీక్ష పండినట్టే. ఆ సంతోషంలో ఆమె ఒక చోట వేలు పెట్టింది.

నలభై ఒకటి. మొదటి వారం ఆనవాలు లేదు, అది మామూలే. ఆరో వారం కూడా లేదు. అసలు లేదు. పన్నెండో వారం మాత్రం అరవై మందిలోకీ పై చుక్క ఆవిడదే. డాక్టరమ్మ ముచ్చటపడింది. మొదట్లో నచ్చక మానేసి, చివరికి అలవాటు చేసుకుంది పాపం, పోయేముందు బాగా తిన్నది అంది. ఆవిడ కూతురికి ఫోను చేసి చెబుదాం, సంతోషిస్తుంది అంది.

సూదమ్మకు ఆ పై చుక్క కొత్త కాదు. అది తను. వారం వారం సంచిలో తెచ్చుకుని రోజూ పొద్దున నమిలిన రొట్టె. ఆమెను కూల్చింది ఆరో వారం చుక్క. మిగతా సగం తింటున్నాగా అన్న మనిషి ఒక్క ముక్క కూడా తినలేదు. ఏం తిన్నదో, అసలు ఏమైనా తిన్నదో దేవుడికి ఎరుక. ఆ మనిషి చేతిలోంచి ఆ నెత్తురు తీసింది తనే, తీశాక ఎదురుగా కూర్చుని వెన్న రాసిన ముక్క తిన్నదీ తనే. ఇంత సన్నబడ్డారేమని కూడా అడగలేదు.

అందరూ వెళ్ళాక సూదమ్మ లేచి, ఆ ఫోను చెయ్యొద్దంది. తర్వాత మొత్తం చెప్పింది. సోమవారం సంతకాలు, వాన, మోకాలు, ఎడమ చెయ్యి. డాక్టరమ్మ తెర వైపు తిరిగి ఆ పై చుక్కమీద వేలు ఆనించింది.

"వెళ్ళలేదని రాసుంటే ఒక్క చుక్క పోయేది," అంది. "అంతే కదా సూదమ్మా."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆమెకు కడగడానికి గొట్టాలు దొరికాయి. ఇళ్ళకు తిరిగే పని తీసేసి సీసాలూ గొట్టాలూ కడిగే గదిలో వేశారు. నలభై ఒకటో నంబరు చివరి చుక్క కొట్టేశారు. ఎడమ చేతిలో సలుపు మాత్రం పోలేదు. ఆ గొట్టం పారబోశారు గానీ ఆ అబద్ధపు మంగళవారం ఇంకా టీచరు దగ్గరే ఉంది.

ఒక ఆదివారం సూదమ్మ రెండు బస్సులు మారి వెళ్ళింది. టీచరు ఇంట్లో ముందుగది చిన్నది. తల్లి కుట్టుమిషను ఇప్పుడు అక్కడ ఉంది, దాని చక్రానికి కొలతల టేపు చుట్టి ఉంది. అది చూశాక సూదమ్మ కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది.

"మంగళవారం నేను రాలేదమ్మా. వీధి దాకా వచ్చి వెళ్ళిపోయాను. ఆవిడ నవ్వారని చెప్పింది అబద్ధం. రొట్టె నాకోసమే మూతపెట్టారు. అన్ని వారాలూ ఆవిడ రొట్టె నేనే తిన్నాను. ఆవిడ తినడం లేదని నాకు తెలీదు. తెలుసుకోలేదు."

టీచరు మిషను మీద చెయ్యి ఆనించింది. అరిచినా బాగుండునని సూదమ్మకు అనిపించింది.

"ఆ ఒక్క మంగళవారమే పెట్టుకుని బతుకుతున్నానండీ," అంది టీచరు. "అది కూడా లేదా?"

"లేదమ్మా."

వంటింట్లో కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. సూదమ్మ చెప్పులేసుకోవడానికి వంగింది. మోకాలు సహకరించక గోడ పట్టుకుంది.

"మొత్తం పన్నెండు కదా," అంది వెనక నుంచి టీచరు. ఎంతైనా లెక్కల మనిషి. "మిగతా పదకొండు సార్లూ వెళ్ళారా? ఒట్టు వేసి చెప్పండి."

"పదకొండుసార్లూ వెళ్ళాను. మెట్లెక్కాను. ఒట్టు."

టీచరు కుర్చీ లాగి గుమ్మం దగ్గర వేసింది. "అయితే అవి చెప్పండి. ఒక్కొక్కటే. మీ సొంతంగా ఏదీ కలపొద్దు."

సూదమ్మ కూర్చుని మొదటిరోజు నుంచి మొదలుపెట్టింది. సూదిని వెలుతురుకు పట్టి చూడడం, గుండీల ఉద్యోగం, మెడలో టేపు, వెన్న. టీచరు రెండుసార్లు నవ్వింది, ఒకసారి లేచి లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. ఎనిమిదో వారం ఏం మాట్లాడుకున్నారో గుర్తులేకపోతే, గుర్తులేదనే చెప్పింది సూదమ్మ. పదకొండో మంగళవారం ముసలామె మెట్ల దాకా వచ్చి, వచ్చే వారంతో అయిపోతుందిగా, ఆ తర్వాత కూడా ఊరికే వస్తావా అని అడిగింది. సూదమ్మ వస్తానంది.

అక్కడితో ఇద్దరూ ఆగిపోయారు.