అత్త పిడికిలి ఎత్తు

కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తను చూసి లోలోపల నవ్వుకునేదాన్ని. గొర్రెల మందను బీడులోకి వదిలే ముందు ఆమె వంగి, గడ్డి మొదట్లో పిడికిలి ఆనించి చూసేది. మేసి మేసి గడ్డి ఆ పిడికిలి ఎత్తుకు దిగిందంటే ఇక ఒక్క పూట కూడా ఉంచేది కాదు. ముళ్లకంప అడ్డం పెట్టి వేరు చేసిన బీడు పక్క ముక్కలోకి తోలేది.

"అంతకన్న కిందికి కొరికితే గడ్డికి పానం ఉండదే. శానా పెరగనిచ్చినా పుల్లలే మిగుల్తయి, పొదుగుకు పాలు దిగయి," అనేది.

మాడుగులపల్లి దగ్గర, సాగర్ కాలువ ఊటకు ఎండల్లోనూ పచ్చగా ఉండే బీడు అది. చుట్టూ వరి గట్లన్నిటికీ గడ్డిమందు కొడుతున్నారు కాబట్టి మా మందకు దగ్గర్లో వేరే దిక్కు లేదు. నిరుడు అత్త పోయింది. ఆ బీడు మూలనే బొంద పెట్టాం.

ఆ తర్వాత కూడా నేనూ మా ఆయనా పిడికిలి పెట్టి చూడకుండా మేపింది లేదు. అయినా ఈ ఎండాకాలానికి ఆకు గడ్డి పలచబడింది. గరిక నేలకు అతుక్కుని చాప పరిచినట్టు పాకింది. గొర్రెలు పొద్దంతా కొరికినా కడుపు నిండేది కాదు. తల్లుల పొదుగులు ఎండిపోయి, పిల్లలు అరిచి అరిచి సోలిపోయేవి. ఒకటి నా ఒళ్లోనే చచ్చిపోయింది.

అత్త బొంద మీద మాత్రం గడ్డి ఒత్తుగా ఉండేది. కంచె లేదు. ఒక మధ్యాహ్నం మంద అటే ఎగబడింది. కాసేపు మేసి, ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారే తలలెత్తాయి. నమలడం కూడా ఆపి, నన్ను కాదు, నా పక్కన ఎవరో నిలబడ్డట్టు అటే చూశాయి. తర్వాత వాటంతట అవే బయటికి నడిచాయి. గట్టు మీదున్న మా ఆయనను కేకేశాను.

"గీడ ఎందుకు మేస్తలేవయ్యా?"

"మట్టి వాసన పడ్తలేదేమో. ఊకె పరేషాన్ గాకు," అన్నాడు మా ఆయన. అన్నాడే గానీ దగ్గరికి రాలేదు.

నేనే వెళ్లి పిడికిలి ఆనించాను. మంద మేసి వదిలిన గడ్డి కోసినట్టు సమంగా, నా పిడికిలి దాటి పైకి ఉంది. ఎంత ఎక్కువుందా అని బొటనవేలు నిలబెట్టాను. సరిగ్గా వేలి కొసకు వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. అత్తకు చివరి స్నానం చేయించింది నేనే. ఎప్పుడో కొడవలికి నరం తెగి బిగుసుకుపోయిన ఆ కుడి బొటనవేలు, ముడవబోతే ముడుచుకోలేదు. బతికినన్నాళ్లూ ఆమె పిడికిలి మీద ఆ వేలు నిలబడే ఉంది. మేము వేలు ముడిచి మా పిడికిళ్లతో కొలిచాం.

వానలు పడేదాకా బీడు మూసేసి, మందను కోదాడ వైపు కోసిన పొలాలకు తోలుకుపోయాం. తిరిగొచ్చేసరికి ఆకు లేచింది. ఇప్పుడు వేలు నిలబెట్టే కొలుస్తాను. ఎప్పుడైనా తోలడం ఆలస్యమైతే మంద మేత ఆపి నా పక్కకు చూస్తుంది. నేను అటు చూడను.

"తోల్తున్న అత్తా," అంటాను.